పాకం వాసన వేసిన బిడ్డలు

మా ఇంట్లో పెరిగిన వాళ్ళెవరికీ బెల్లం వాసన తెలియదు. చింతామణిలో మాది బెల్లం మండీ. ముందు మండీ, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. ఆ తలుపు మూసిన జ్ఞాపకం నాకు లేదు. అచ్చులు, ఉండలు, వానాకాలం చెమ్మకు కరిగి కారే ముద్దలు, గోనెసంచులు, ఈగలు, చీమలు. బయటివాళ్ళు గడప దాటగానే "ఏం తీపి వాసనమ్మా మీ ఇల్లు!" అనేవాళ్ళు. మాకేమీ తెలిసేది కాదు. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ఊరికే నా జడ వాసన చూసేది. నేను దాన్ని గిల్లేదాన్ని.

నాన్న మా చిన్నప్పుడే పోయాడు. అమ్మ మా ఇద్దరాడపిల్లల్నీ తీసుకుని పుట్టింటికి, అంటే ఈ మండీకే వచ్చేసింది. ఇంట్లో అవ్వ, అమ్మకు తమ్ముడైన మామ, అమ్మ, అక్క, నేను. అక్కకు ఈడు రాగానే మామకే ఇచ్చి పెళ్ళి చేశారు. మా వర్తకుల ఇళ్ళల్లో మేనమామ ఉండగా పిల్లను బయటికిస్తే, ఆ మామలో ఏదో లోపముందని ఊరు గుసగుసలాడేది. అక్కకు పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకే కప్పు కింద కుదిరాయి. నా పక్కలోంచి లేచి పక్కగదికి మారింది, అవే అప్పగింతలు. మామ మంచివాడు. ఆ మాట ముందే చెప్పాలి. మా ఇంట్లో ఎవరైనా చెడ్డవాళ్ళు ఉండి ఉంటే నాకు కోపం తీర్చుకోవడానికి సులువుగా ఉండేది.

అక్క తొలి కానుపు డెబ్భైల చివర్లో. ఆడపిల్ల. పుట్టినప్పుడు ఏ లోటూ లేదు, చక్కగా పాలు తాగింది. కొద్ది రోజులకే రొమ్ము పట్టడం మానేసింది. సన్నగా, ఒకే తీరుగా ఏడ్చేది. ఒళ్ళు బిగదీసుకుని వెనక్కి వంగిపోయేది. అవ్వ బాలగ్రహమంది, తాయెత్తు కట్టించింది, దిష్టి తీసింది. చూడవచ్చిన ఒకావిడ బిడ్డనెత్తుకుని, "ఏమమ్మా, బిడ్డ దగ్గర పాకం వాసన వస్తాండాదే?" అంది. అవ్వ నవ్వింది.

"బెల్లం మండీలో పుట్టిన బిడ్డకు బెల్లం వాసన కాక చేపల వాసన వస్తాదా?"

అందరమూ నవ్వాం. అక్క కూడా నవ్వినట్టే గుర్తు. బిడ్డ పొత్తిగుడ్డలు పెరట్లో కుప్పగా పడి ఉండేవి. మా ఇంట్లో ఒక పలుకు నేల మీద పడితే చీమలు బారు కట్టేవి, ఆ గుడ్డల మీద మాత్రం ఒక్కటీ లేదు. అది నేను చూశాను. చూసి, ఎందుకో ఎవరికీ చెప్పాలనిపించక లోపలికొచ్చేశాను. అప్పటికి నాకు అదొక వింత, అంతే.

పురుడు చెయ్యకముందే బిడ్డ పోయింది. పేరు పెట్టని బిడ్డకు మాలో మైల ఉండదు, ఏడ్పులు ఉండవు. మామ ఒక్కడే ఎత్తుకుపోయి మన్ను కప్పి వచ్చాడు, తల మీద నీళ్ళు పోసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే మండీ తెరిచారు. మావైపు బేరగాళ్ళు తూకం లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనరు, "లాభం" అంటారు, ఆ తర్వాతే రెండు, మూడు. లోపల గదిలో అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తెరిచిన తలుపులోంచి కాటా దగ్గర మనిషి గొంతు "లాభం" అని గట్టిగా వినిపించింది. అక్క రెండు చేతులతో చెవులు మూసుకుంది. నేను పోయి తలుపు వేశాను. అవ్వ వచ్చి, బేరం వేళ తలుపెవరేసినారని తిట్టి, మళ్ళీ తీసింది.

రెండోవాడు మగపిల్లవాడు. అదే ఏడుపు, అదే వంపు, అదే వాసన. వాడికీ పేరు లేదు. ఆ తర్వాత ఆ గదిలో పడుకోవడానికి అక్క ఒప్పుకోలేదు. ఖాళీగా ఎందుకని మామ అందులో బెల్లం బస్తాలు వేయించాడు. ఒక మధ్యాహ్నం అక్క ఆ గది గడప మీద నిలబడి బస్తాల వైపు చూస్తూ ఉంటే, ఏముందక్కా అన్నాను. "ఏడ్చిండేది ఈ పక్క నుంచి కదా" అంది, ఒక బస్తా వైపు చూపించి.

నేను బెంగుళూరులో బయోకెమిస్ట్రీ చదువుకుని, ఎనభైల మొదట్లో ఒక ప్రయోగశాలలో సహాయకురాలిగా చేరాను. అక్కడ మా పని ఎంజైము ఎలక్ట్రోడులు తయారు చెయ్యడం. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ చూస్తే వేలంత గాజుగొట్టం. లోపల ప్లాటినం తీగ, వెండి తీగ, కాస్త ఉప్పుద్రావణం, కొనకు ఉల్లిపొరకంటే పలచని టెఫ్లాన్ పొర. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో అది కరెంటు రూపంలో చెబుతుంది. ఆ పొర మీద మేం పసుపురంగు ఎంజైము పూసి, మరో పొర కప్పి, రబ్బరు చుట్టుతో బిగించేవాళ్ళం. ఆ ఎంజైముకు అమైనో ఆమ్లాలు తిండి. తినేటప్పుడు ఆక్సిజన్ వాడుకుంటుంది. ఆక్సిజన్ తగ్గితే కరెంటు తగ్గి మీటరు ముల్లు కిందికి జారుతుంది. రక్తపు చుక్కలో అమైనో ఆమ్లాలు ఎంత ఎక్కువుంటే ముల్లు అంత దిగుతుంది. కాగితం మీద మరకలు తేల్చి చూసే పాత పద్ధతికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టేది. మా ముల్లు నిమిషాల్లో తేల్చేసేది. ఏ ఆమ్లం ఎక్కువో మాత్రం చెప్పలేదు, దానికి మళ్ళీ కాగితమే దిక్కు.

నా కోపం గురించి ఇంట్లో అందరికీ ఫిర్యాదే గానీ, ఆ ఎలక్ట్రోడు నాకంటే కోపిష్టిది. పొర కింద చిన్న బుడగ చిక్కుకుంటే అలుగుతుంది. గది కాస్త వేడెక్కితే అలుగుతుంది. ఎవరైనా తలుపు దభీమని వేస్తే ముల్లు వణుకుతుంది. పైగా ఆ ఎంజైమును పాము విషం నుంచి తీస్తారు. సెలవుకి ఇంటికెళ్ళి ఆ సంగతి చెప్తే అవ్వ బుగ్గలు నొక్కుకుంది.

"బిడ్డల నెత్తురుకు పాము విషం కలుపుతావంటనే! ఇంక నిన్నెవురు చేసుకుంటారే?"

"నువ్వే ఒక పాములవాణ్ణి చూడవ్వా" అన్నాను.

ఒకరోజు ఒక ఆస్పత్రి నుంచి నమూనాలు వచ్చాయి. పాలు తాగని పసిబిడ్డవి, కొంచెం రక్తం, ఒక చిన్న సీసాలో మూత్రం. రక్తం ఎలక్ట్రోడుకు, మూత్రం వేరే పరీక్షకు. నేను సీసా మూత తిప్పాను.

అక్క గది. ముక్కుకు తగిలింది వాసన అని కూడా అనలేను. ఆ గది, ఆ పెరడు, ఆ గుడ్డలు, ఆ ఏడుపు, అన్నీ ఒక్కసారిగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. ఇంటి నుంచి దూరంగా ఉండి ఉండి నా ముక్కు బెల్లం వాసన పట్టడం నేర్చుకుంది కాబట్టి, ఇంకో సంగతి కూడా తెలిసింది. ఇది బెల్లం కాదు. బెల్లంలో చెరకు పచ్చిదనం ఉంటుంది, మట్టి ఉంటుంది. ఇందులో అవేమీ లేవు. పాకం అడుగంటబోయే ముందు వచ్చే కమ్మదనం ఒక్కటే ఉంది. మూత బిగించి, మళ్ళీ తిప్పి, మళ్ళీ వాసన చూశాను. ప్రయోగశాల నడిపే మా మేడమ్ వచ్చి, "ఏనాయ్తమ్మా?" అని కన్నడలో ఏమైందో అడిగింది. నేను సీసా చూపించాను.

మేడమ్ వాసన చూసి మొహం ముడుచుకుంది. ఇదొక జబ్బనీ, తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డకు రెండువైపుల నుంచీ దిగితే వస్తుందనీ చెప్పింది. పాలలోని మూడు అమైనో ఆమ్లాలను ఆ బిడ్డ ఒళ్ళు ఖర్చు చెయ్యలేదు. అవి పేరుకుపోయి మెదడును ముంచేస్తాయి. తల్లిపాలే విషమవుతాయి. విదేశాల్లో ఏదో చెట్టు రసం కాచి చేసే పాకం పేరుతో ఈ జబ్బును పిలుస్తారట. ఆ చెట్టును మేడమూ చూడలేదు, నేనూ చూడలేదు. రక్తం పెట్టి చూస్తే మా ముల్లు అడుగుకు పోయి నిలబడింది. అంత దిగడం అంతకుముందెన్నడూ చూడలేదు. ఆ బిడ్డ ఆ వారమే పోయిందని తర్వాత తెలిసింది. మేడమ్ సీసాను ఐసుపెట్టెలో దాచమంది, ఇలాంటి నమూనా మళ్ళీ దొరకదని.

ఆ రోజు నుంచి నాకు పాకం వాసన పడదు. ఎక్కడైనా పెళ్ళివంటల దగ్గర పాకం పడుతుంటే ఎవరో సన్నగా ఏడుస్తున్నట్టుంటుంది. ఇన్నేళ్ళయినా అంతే. నాకు భయం, ఒప్పుకుంటాను.

అప్పుడు అక్క మూడోసారి నెలలతో ఉంది. నేను వెంటనే బస్సెక్కి చింతామణి వెళ్ళాను. నడింట్లో అందరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

ముందు మామ నవ్వాడు. "బెల్లం వాసన సంగతి నాకు చెప్తాండావా? అమ్మ పుట్టిల్లు మేనమామకు తెల్దా?"

"అది బెల్లం వాసన కాదు మామా" అన్నాను. మామ నవ్వు ఆగిపోయింది.

అమ్మ లేచి నిలబడింది. "అయితే నా తమ్ముని రక్తం చెడ్డదంటావా?"

"మామదొక్కటే కాదమ్మా, అక్కదీ. నీ నుంచి దిగుంటుంది. మీ ఇద్దరికీ పైవాళ్ళ నుంచి వచ్చుంటుంది."

"నన్నే అంటాండాది" అంది అవ్వ. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీకు చదువిచ్చినారు గాని నోరు దిద్దలేదు. నన్నూ మేనమామకే ఇచ్చిరి. మేమంతా బతకలేదా?"

బతికారు. అదే నేను వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. లోపం ఒకవైపు నుంచే దిగితే ఏమీ కాదు. రెండువైపులా దిగితేనే బిడ్డకు ప్రమాదం. ప్రతి కానుపుకూ చీటీలన్నీ మళ్ళీ కలిపి కొత్తగా తీసినట్టే. ఇద్దరికి తగిలింది కాబట్టి మూడో బిడ్డకు తగలాలనీ లేదు, తప్పిపోతుందనీ లేదు. నా మాటలు చెవిటివాడి ముందు శంఖమూదినట్టయ్యాయి. మామ లేచి మండీలోకి పోయి బస్తాల మధ్య కూర్చున్నాడు. అమ్మా అవ్వా ఏడుపందుకున్నారు.

అక్క ఒక్కతే ఏడవలేదు. నన్ను పెరట్లోకి తీసుకుపోయి అడిగింది. "పుట్టినంక ఎప్పటికి తెలుస్తాది?"

"రెండు మూడు దినాలు పాలు తాగినాక. నేనొచ్చి నెత్తురు తీసుకుపోతా."

"వాసన దానికి ముందే వస్తాదా?"

"ముల్లే ముందు చెప్తుందక్కా. వాసన వచ్చేసరికి ఆలస్యమైపోతుంది."

"తెలిస్తే మందుండాదా?"

ఉంది, మన దేశంలో లేదు అని చెప్పాను. ఆ అమైనో ఆమ్లాలు తీసేసిన పాలపొడి ఒకటుంది. మేడమ్ విదేశంలో తెలిసినవాళ్ళకు రాసి ఒక డబ్బా తెప్పిస్తానంది. ఒక్క డబ్బా కొద్ది వారాలకు వస్తుంది. ఆ తర్వాత ఏమిటని అక్క అడగలేదు, నేనూ చెప్పలేదు.

అక్క అంది. "అది మండీ వాసన కాదని నాకు అప్పుడే తెలుసు. రొమ్ము దగ్గర పెట్టుకునేదాన్ని కదా, నాకు తెలీదా? అందరూ మండీ వాసనే అంటే ఔననుకున్యా. ఈసారి బెల్లం లేని చోట కంటా."

కానుపుకు పుట్టింటికి పోవాలి, కానీ అక్క పుట్టిల్లే బెల్లం మండీ. బాగేపల్లి దగ్గర మిట్టేమరిలో అవ్వ చెల్లెలు, మా చిన్నవ్వ ఉండేది. వేరుశనగ, రాగి పండించుకునే ఇల్లు. అవ్వ ససేమిరా అంది, ఊళ్ళో ఏమనుకుంటారంది. మామ మండీలోంచి వచ్చి, "నేనే దించొస్తా" అన్నాడు. వెంట అమ్మ వెళ్ళింది. చిన్నవ్వ ఇంట్లో అందరూ బెల్లం కాఫీ తాగేవాళ్ళు. అక్క ఉన్నన్నాళ్ళూ వాళ్ళు బెల్లం మాటెత్తలేదు, చప్పిడి కాఫీ తాగారు. చిన్నవ్వ బెల్లం కుండను పక్కింట్లో పెట్టి వచ్చింది. పోయినప్పుడల్లా నేను చూసేదాన్ని, అక్క గుమ్మంలో కూర్చుని గాలి పీలుస్తూ ఉండేది. ఎండిన శనగతీగ వాసన, ఆవుల వాసన, తడిమట్టి వాసన, ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పేది.

బాగేపల్లి సర్కారీ ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. పాలు తాగడం మొదలెట్టి రెండు మూడు రోజులయ్యాక వెళ్ళాను. నర్సు మడమ మీద గుచ్చి రక్తం తీసింది. బిడ్డ కెవ్వుమంది. ఆ ఏడుపు సన్నగా ఉందా, మామూలుగా ఉందా? అక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రక్తం గొట్టాన్ని ఐసుముక్కలు నింపిన ఫ్లాస్కులో పెట్టుకుని బెంగుళూరు బస్సెక్కాను.

చిక్కబళ్ళాపురంలో బస్సు చాలాసేపు ఆగింది. డ్రైవరు దిగి టిఫిన్‌కు పోయాడు. నాకు అతన్ని చొక్కా పట్టుకుని లాక్కురావాలనిపించింది. పక్కసీటు పెద్దమనిషి నా ఒళ్ళో ఫ్లాస్కు చూసి, "కాఫీ ఏమన్నా మిగిలిండాదామ్మా?" అన్నాడు.

"కాఫీ కాదప్పా, మా అక్క బిడ్డ రక్తం" అన్నాను. ఆయన లేచి వెనక సీటుకు పోయాడు. మిగతా దారంతా ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు.

ప్రయోగశాలలో మేడమ్ కొత్త పొర బిగించి సిద్ధంగా ఉంచింది. బల్ల మీద పాలపొడి డబ్బా కూడా పెట్టి ఉంది, సీలు తీయకుండా. ముందు తెలిసిన ద్రావణాలు పెట్టి ముల్లు నిజం చెబుతోందో లేదో చూశాం. తర్వాత రక్తం. ముల్లు కదిలింది. దిగింది. ఇంకొంచెం దిగి, ఆరోగ్యంగా ఉన్న ఏ బిడ్డకైనా ఆగే చోటే ఆగింది. నమ్మలేదు. పొర విప్పి మళ్ళీ బిగించి మళ్ళీ పెట్టాను. అక్కడే. మేడమ్ ఎందుకైనా మంచిదని కాగితం కూడా పెట్టింది. మర్నాడు పొద్దున కాగితం మీద ఆ మూడు మరకలూ మామూలుగా, పలచగా తేలాయి. మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసింది. నేను ఆ డబ్బా వైపు చూసి వెక్కి వెక్కి ఏడ్చాను.

మిట్టేమరి చేరేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేశారు. అక్క వసారాలో మంచం మీద కూర్చుని ఉంది, ఒళ్ళో బిడ్డ నిద్రపోతోంది. నా మొహం చూడగానే అమ్మకు అర్థమైంది. దేవుడి పటం ముందుకు పరిగెత్తింది. చిన్నవ్వ పక్కింటి నుంచి బెల్లం కుండ తెచ్చి అందరి నోళ్ళలో తలా ఒక పలుకు పెట్టింది. అక్క నోరు తెరవలేదు. ఆ పలుకు చేతిలో పట్టుకుని కూర్చుంది.

"అక్కా, ముల్లు బాగుంది. కాగితం కూడా బాగుంది. బిడ్డకేమీ లేదు" అన్నాను మళ్ళీ, వినలేదేమోనని.

"నాకు నిన్ననే తెలుసు" అంది. "పొద్దున్నుంచి రాత్రిదాకా వాసన చూస్తానే ఉండా. పాల వాసన, అంతే. అందరి బిడ్డల మాదిరి."

బిడ్డ తల మీదికి వంగి మళ్ళీ ఒకసారి గాలి పీల్చింది. అప్పుడు ఏడ్చింది. ఇద్దరు బిడ్డల్ని మన్నులో పెట్టినప్పుడు రాని ఏడుపు అది. సంతోషం పట్టలేకేమో అనుకుని పక్కన కూర్చుని వీపు నిమిరాను.

"దీనికి నా బిడ్డల వాసన లేదే" అంది అక్క.

నా చెయ్యి ఆగిపోయింది.

"వాళ్ళ మొహాలు మర్చిపోతాండా. పేర్లు పెట్టిండిరా, పిలుచుకునేదానికి? ఆ వాసనొక్కటే నాకు మిగిలిండేది. మండీలో ఉంటే అది కూడా కలిసిపోతాది." కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పినావు కదా, ఎవురి బిడ్డదో ఒక సీసా. అది ఇంకా ఉండాదా?"

"ఉంది. ఐసుపెట్టెలో."

"పురుడైనంక బెంగుళూరుకు వస్తా. ఒక్కసారి మూత తీసి చూపిస్తావా?"

బిడ్డ కదిలి ఏడ్చింది. అక్క చేతిలోని బెల్లం పలుకు నాకిచ్చి, బిడ్డను రొమ్ముకు చేర్చుకుంది.

"రా అక్కా" అన్నాను.